ఇనుము చేయని పని

నా పేరు అడక్కండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఈ రోతను ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని తిరిగేవాణ్ణి కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో కెమిస్ట్రీ పరిశోధన చేసేవాణ్ణి. మందుల తయారీకి నైట్రోజన్ ఉన్న వలయాకారపు అణువులు కావాలి. వాటిని కట్టడానికి అందరూ పల్లాడియం వాడేవారు. ధరలో బంగారంతో పోటీపడే లోహం. మామూలు ఇనుముతోనే ఆ పని అవుతుందని నేను చూపించాను. నలుగురూ మెచ్చుకున్నారు. థీసిస్ రాసేశాను.

ఆ పద్ధతినే ముందుకు తీసుకెళ్లమని మా గైడు గారు నా జూనియర్‌కి అప్పగించారు. ఆమెను సుగుణ అంటాను. లూథరన్ బడి టీచరు గారి అమ్మాయి, రోజూ కొవ్వూరు నుంచి వంతెన దాటి వచ్చేది. నెలల తరబడి చేసింది. ఒక్కసారీ ఫలితం రాలేదు.

అనుమానం వచ్చి, ఎవరూ లేనప్పుడు నేనే చేసి చూశాను. ఫ్లాస్కులో ద్రావణాన్ని తిప్పడానికి చిన్న అయస్కాంతం వేస్తాం, బీడ్ అంటాం. కొత్త బీడ్ వేస్తే ఏమీ రాలేదు. నా పాతది వేస్తే వచ్చింది. దాని మీద అంతకుముందు పల్లాడియంతో చేసిన పని తాలూకు నల్ల మరక ఉంది. పని చేసింది ఆ మరకేనన్నమాట. యాసిడ్‌లో కడగాల్సింది. అచ్చొచ్చిన బీడ్ అని కడక్కుండా విడిగా దాచుకున్నాను. దసరాకి దాని డబ్బాకి కుంకుమ బొట్టు కూడా పెట్టాను, నవ్వుకోండి.

ఆ మర్నాడే సుగుణ అడిగింది. "అన్నయ్యగారూ, మీరు చేసినప్పుడు ఇంకేమైనా వేశారాండీ?"

"ఏం లేదమ్మా. చేతి శుభ్రం ఉండాలి. అది అందరికీ రాదు."

"అలాగేనండి," అంది. అంతే.

చేతి శుభ్రమట! ఛీ! ఆ మాటలో కెమిస్ట్రీ ఎంత, తాతల నాటి నుంచి ఆమె కులంవాళ్ల గురించి మా ఇంట్లో అనుకునే మాట ఎంత? విడదీసి చూడబోతే వాంతి వస్తుంది. గైడు గారూ నా మాటే పట్టుకున్నారు. ఆమె ఫెలోషిప్ ఆగిపోయింది. సుగుణ తన గాజుసామానంతా మెరిసేట్టు తోమి, బల్ల మీద వరసగా బోర్లించి వెళ్లిపోయింది. మళ్లీ పరిశోధన చేయలేదు.

థీసిస్ పోతుందన్న భయమా? భయమొక్కటే అయితే ఎలాగో సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆమె ఓడిపోతున్నప్పుడల్లా, ఇది నా ఒక్కడి చేతికే వస్తుందన్న పేరు నిలబడుతోందని, లోపల నాకు హాయిగా ఉండేది. అసలు రోత అదీ.

ఇప్పుడు పాఠాలు చెబుతాను. పిల్లలు "డాక్టరు గారూ" అంటే ఒళ్లంతా కంపరమెత్తుతుంది. అయినా సిగ్గులేకుండా పలుకుతాను. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. ఇనుము పనిచేయలేదు. సుగుణకి ఏమీ రాకపోవడమే సరైన ఫలితం. ఆ రోజు ఆమె అడిగినప్పుడు, నాకు తెలుసు.