నమూనా పేజీలో మా అమ్మాయి ఆట

నేను ఆటలు ఆడే మనిషిని కాను. ఈ మాట చెబితే ఆ వికీలో నాతో పనిచేసినవాళ్లెవరూ నమ్మరు. బల్ల మీద పరుచుకుని ఆడే ఆటల గురించి, ఆటకో పేజీ చొప్పున, ఎక్కడెక్కడి జనమో పైసా ఆశించకుండా రాసే ఇంగ్లీషు వెబ్‌సైటు అది. ప్రతి పేజీలోనూ కుడివైపు ఒక పెట్టె ఉంటుంది. ఎంతమంది ఆడొచ్చు, ఏ వయసువాళ్లు ఆడొచ్చు, ఎంతసేపు పడుతుంది, ఎవరు తయారుచేశారు, ఎలా గెలవాలి అన్న వివరాలు అందులో కనిపిస్తాయి. ఆ పెట్టె అన్ని పేజీల్లోనూ ఒకే తీరుగా ఉండాలంటే వెనక ఒక టెంప్లేటు, అంటే అన్నిటికీ కలిపి ఒకే అచ్చు, ఉండాలి. దాని బాగోగులు చూసేవాణ్ణి నేను. అందులో ఒక్క లైను మారిస్తే ఉన్న పేజీలన్నీ ఒక్కసారే మారిపోయేవి. నోయిడాలో మా ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చాలన్నా పైవాళ్లంతా సరేననాలి. ఇక్కడ నేను చెప్పిందే వేదం. నా అసలు సరదా అదీ, ఆటలు కాదు.

మా ఆవిడ ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. అప్పటికింకా మెట్రో మావైపు రాలేదు. రోడ్డు మధ్యలో దాని స్తంభాలు లేస్తూ, ఉన్న ట్రాఫిక్‌ను మరింత ఇరుకున పెడుతున్నాయి. తను ఇల్లు చేరే వేళకి ఒక పద్ధతంటూ ఉండేది కాదు. డ్యూటీ అయిపోయినా, తన తర్వాత చార్జి తీసుకోవాల్సిన రిలీవర్ రాకపోతే వార్డు వదిలి కదలడానికి లేదు. అందుకని సాయంత్రాలు మా అమ్మాయి నాతోనే ఉండేది. నాతో అంటే, నా వీపుతో. నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చుంటే, అది నా వెనక మంచం మీద హోంవర్కు చేసుకునేది.

ఆటలాడని మనిషికి ఆటల మీద ఈ పెత్తనమేంటండీ అని మా ఆవిడ ఎగతాళి చేసేది. నాకు ఒళ్లు మండేది. ఎవరైనా పెట్టెలో ఒక వివరం తప్పు రాస్తే ఒంటికాలి మీద లేచేవాణ్ణి. గుంటూరులో మా నాన్న బియ్యంలో రాయి తగిలితే ఎంత గొడవ చేసేవాడో, అంత గొడవ చేసేవాణ్ణి.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదో ఏడు. ఒకరోజు కుక్కర్ వచ్చిన అట్టపెట్టె కత్తిరించి, స్కెచ్ పెన్నులతో గళ్లు గీసి ఒక ఆట తయారుచేసింది. ఆసుపత్రి దగ్గర మొదలై మా సొసైటీ గేటు దాకా వచ్చే దారి. ఫ్లైఓవర్ మీద జామ్ అని ఒక గడి, ఆటోవాడు రానన్నాడని ఒక గడి. ఇంజెక్షన్ సీసాలకుండే రంగురంగుల ప్లాస్టిక్ మూతలు వాళ్లమ్మ తెచ్చి ఇచ్చేది, పావుగా అలాంటిదే పెట్టుకుంది. దాన్ని మీ సైట్‌లో పెట్టండి డాడీ అని ఇక నా వెంటపడింది. దానికి తెలుగు బాగానే అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలోనే వచ్చేది.

అచ్చయి, అంగట్లో అమ్ముడయ్యే ఆటలకే పేజీ ఉండాలని వికీలో నియమం. ఇంట్లో చేసుకున్న ఆటలకు చోటు లేదు. ఆ నియమాన్ని గట్టిగా పట్టుబట్టి పెట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి పిల్లకు చెబితే సరిపోయేది. కానీ దాని ముఖం చూసి కాదనలేకపోయాను, రోజూ ఆ పోరు భరించలేకపోయాను కూడా. రెండోదే ఎక్కువ నిజం.

అప్పుడే నేను టెంప్లేటు కొత్తగా మార్చాను. దాన్ని ఎలా నింపాలో చూపించే నమూనా పేజీ ఒకటి కావాలి. నిజమైన ఆటను నమూనాగా పెడితే, ఆ వివరాల మీద జనం కొట్లాడుకుంటారు. అందుకని నమూనాలో కల్పించిన ఆటే ఉండాలని, పేజీ పైన "ఇది నమూనా మాత్రమే, ఇలాంటి ఆట నిజంగా లేదు" అని రాయాలని అంతకుముందే నేనే నియమం పెట్టి ఉన్నాను. ఇంకేం, మా అమ్మాయి ఆటను అక్కడ పెట్టేశాను. దాని పోరూ తీరింది, నా పనీ అయింది.

ఎంతమంది ఆడొచ్చని అడిగితే చెప్పింది. ఏ వయసువాళ్లు ఆడొచ్చంటే నా అంత వాళ్లు అంది. ఆ తర్వాత అట్ట తెచ్చి నా పక్కన నిలబడి ఆట ఎలా సాగుతుందో చెప్పడం మొదలుపెట్టింది. నేను తల తిప్పకుండా ఆఁ ఆఁ అంటూ మిగతావి నింపేశాను. దారి వెంట నడిచే ఆటలన్నీ ఒకటేగా, ముందు ఇల్లు చేరినవాళ్లు గెలుస్తారు అని రాసేశాను. ఆడడానికి అరగంట అని కూడా రాశాను. తయారుచేసినవారు అన్నచోట దాని పేరు పెట్టాను. ఇలాంటి ఆట లేదన్న పై లైను కనబడకుండా పేజీ కిందికి జరిపి, చూడమ్మా అన్నాను.

అది మంచం మీదెక్కి గంతులేసింది. వెంటనే వాళ్లమ్మకు ఫోన్ చేయించుకుంది. మా ఆవిడ వార్డంతా చెప్పుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో టీ తాగుతూ నలుగురితో చెబుతుంటే, నేను పక్కనే నిలబడి ముసిముసిగా నవ్వాను.

స్కూలు నుంచి వచ్చాక, నేను ఆఫీసు క్యాబ్ దిగేదాకా మా అమ్మాయి కింది ఫ్లాట్‌లో దాని క్లాస్‌మేట్ ఇంట్లో ఉండేది. ఒక సాయంత్రం తీసుకెళ్దామని బెల్ కొడితే ఆ పిల్లే తలుపు తీసింది. కంప్యూటర్ పీరియడ్‌లో మేడమ్ ఆ సైటు తెరవనిచ్చిందట, క్లాసంతా గుమిగూడి చూశారట. "అంకుల్, వహా తో లిఖా హై, ఐసా కోయీ గేమ్ హై హీ నహీ" అంది ఆ పిల్ల. అలాంటి ఆటే లేదని అక్కడ రాసి ఉందట. దాని మాటలో ఎగతాళి ఏమీ లేదు, చదివిందే చెప్పింది. లోపల మా అమ్మాయి కింద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక దాన్ని కూర్చోబెట్టి నమూనా అంటే ఏమిటో, ఆ లైను ఎందుకుండాలో ఆఫీసు మీటింగులో చెప్పినట్టు చెప్పాను. అది అంతా విని, ఆ లైను సంగతి ఎత్తనే లేదు.

"జీత్‌నే వాలా భీ గలత్ లిఖా హై, డాడీ," అంది. "ఇస్‌మే కోయీ జీత్‌తా నహీ. మమ్మీ ఘర్ ఆతీ హై, బస్."

గెలుపు గురించి రాసింది కూడా తప్పేనంటోంది. ఆ ఆటలో గెలిచేవాళ్లే లేరు. ఉన్నదే ఒక్క పావు. అది వాళ్లమ్మ. ఆడేవాళ్లంతా కలిసి, వంతులవారీగా పాచిక వేసి, ఆ ఒక్క పావునే జరుపుతూ ఇంటికి తెచ్చుకోవాలి. అంత పెద్ద అట్ట మీద ఒకే ఒక్క మూత పెట్టుకుని పిల్ల నా పక్కన నిలబడితే, మిగతా పావులేవీ అని కూడా నాకు తోచలేదు. ప్రపంచంలో ఎవరెవరో చేసిన తప్పులన్నీ పట్టుకునేవాణ్ణి, నా వెనక మంచం మీదున్నదాన్ని తిరిగి చూడలేదు. వేరే ఎవరైనా ఇలా చూడకుండా నింపి ఉంటే వాళ్లను వికీలో నుంచి గెంటించేవాణ్ణి.

అప్పుడైనా నేనేం చేశాను? మళ్లీ కంప్యూటర్ ముందే కూర్చున్నాను. గెలుపు గురించి రాసింది సరిచేశాను. ఇలాంటి ఆట లేదన్న లైను తీసేశాను. తెల్లారేసరికి ఏదో దేశంలో ఉన్న మరో నిర్వాహకుడు దాన్ని తిరిగి పెట్టి, ఇది మీరు పెట్టిన నియమమే కదా అని మర్యాదగా గుర్తుచేశాడు. మళ్లీ తీశాను, మళ్లీ పెట్టాడు. ఇక వాదన మొదలుపెట్టాను. ఆ వారమంతా, నేను ఒకప్పుడు రాసిన వాక్యాలనే ఎదుటివాళ్లు నాకు అప్పజెబుతుంటే, పేజీలకు పేజీలు జవాబులు రాశాను. నా వెనక అది హోంవర్కు చేసుకుంటూనే ఉంది. ఆ అట్ట తీసుకురా తల్లీ, ఒకసారి ఆడదాం అనే మాట, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక్కసారి కూడా నా నోటికి రాలేదు.

చివరికి అదే వచ్చి నా కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"రెహ్‌నే దో డాడీ. బస్ మమ్మీకో మత్ బతానా."

వదిలేయమంది, అమ్మకు మాత్రం చెప్పొద్దంది. నాకు కోపం రావాల్సిన అవసరమేమీ లేదు, అయినా వచ్చింది. ఎవరి మీదో తెలియక కీబోర్డును లోపలికి గట్టిగా తోశాను. సరేనన్నాను.

ఆ ఆదివారం మా ఆవిడకు సెలవు. చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, చీర మార్చుకుని చాప పరిచింది. ఊరంతా చూసిన ఆట ఇంట్లోవాళ్లం ఆడకపోతే ఎలా, తీసుకురా అంది. మా అమ్మాయి అట్ట తెచ్చి పరిచి, తెల్ల మూతను ఆసుపత్రి గడిలో పెట్టింది. మా ఆవిడ గళ్లన్నీ వేలితో చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది. రిలీవర్ రాలేదు, వెనక్కి వార్డుకు వెళ్లు అని ఉంది అక్కడ. చాలాసేపు ఆ గడి మీంచి వేలు తీయలేదు. ఆ గడి ఉన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ముక్కు తుడుచుకుని, నవ్వుతూ పాచిక తీసి నా చేతిలో పెట్టింది.

"మీరే కదండీ అందులో రాసింది. ఎలా ఆడాలో మీరు చెప్పండి."

ముందు ఎవరు వేయాలో తెలియదు, ఎన్ని పడితే పావు కదులుతుందో తెలియదు. తెలియదని చెప్పేయొచ్చు. చెబితే మిగతాదంతా చెప్పాలి. చెప్పనని మాటిచ్చాను, పైగా ఆ మాట నాకూ చాలా అనువుగానే ఉంది. పాచికను అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాను.

మా అమ్మాయి నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుంది.

"డాడీకో సబ్ పతా హై, మమ్మీ," అంది. "పర్ ఆజ్ మై బతావూంగీ."

డాడీకి అన్నీ తెలుసట, ఇవాళ మాత్రం తనే చెబుతుందట. ఆ మాట ఎంత తేలిగ్గా అనేసిందో. తొమ్మిదేళ్ల పిల్ల, నా కోసం, వాళ్లమ్మ ముఖంలోకి సూటిగా చూస్తూ అనేసింది.

తండ్రీ కూతుళ్లిద్దరూ ముందే కూడబలుక్కున్నారన్నమాట అని మా ఆవిడ మురిసిపోయింది. నాకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. అయినా, అవునన్నట్టు తలూపాను.