ఏడో ఎక్కం ఆపని పిల్ల

మా కోడలు ఆరో తరగతికి లెక్కలు చెప్తుంది. కరోనా వచ్చి బడి మూతపడ్డాక నటేశన్ నగర్‌లోని మా వంటింటి గడప దగ్గర, బియ్యం డబ్బాకు ఫోను ఆనించి పాఠం చెప్పేది. పగటిపూట ఫ్యాను వెయ్యనిచ్చేదాన్ని కాదు నేను. చెమట తుడుచుకుంటూనే చెప్పేది.

పిల్లల మొహాలు కనిపించవు. వింటున్నారో పడుకున్నారో తెలియక ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పేరు పిలవగానే మైకు తెరిచి ఎక్కం గట్టిగా అప్పజెప్పాలి. మధ్యలో ఆగితే తిట్లు. నాకూ అది సబబుగానే తోచింది. నేను చదివిన మూడు తరగతులూ బెత్తం కిందే చదివాను.

ఆ రోజు ఏంబలం అనే ఊరి పిల్ల వంతు వచ్చింది. ఏడో ఎక్కం అందుకుని, "ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది" దగ్గర ఆగిపోయింది.

"ఏందే, నోట్లో ఇడ్లీ పెట్టుకున్నావా? గట్టిగా చెప్పు!" అని కసిరింది కోడలు.

"ఏడైదుల..."

ఛెళ్ళుమని ఒక దెబ్బ. వెనకాల మగగొంతు. "మేస్త్రి పనికి పిలుస్తాడు, ఫోను ఇయ్యవే అంటే పాటలు పాడతావా?"

"అయ్యా, టీచరమ్మ అడగతా ఉంది..."

ఇంకో దెబ్బ. ఈసారి కట్టెతో. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఆ పిల్ల "ఏడైదుల ముప్పై ఐదు, ఏడార్ల నలభై రెండు" అంటూనే ఉంది. తల్లి కాబోలు, అడ్డం పడి అరిచింది. ఏదో పగిలింది. లైను తెగిపోయింది.

"టీచర్, సినిమానా?" అని ఒక చిన్నగొంతు ఫోనులోంచి అడిగింది.

కోడలు కొయ్యబారిపోయింది.

"గుడ్లప్పగించి చూస్తావేందే? బండి తియ్యి" అన్నాను.

"పోలీసులు ఆపుతారత్తా."

"ఆపనీ. వాళ్ళనీ వెంటబెట్టుకుని పోదాం."

మేము పోయేసరికి ఆ పిల్ల మూలన ముడుచుకుని ఉంది. చెవి నుంచి నెత్తురు మెడ మీదికి కారి ఎండిపోయింది. మణికట్టు వాచి పక్కకు తిరిగింది. తల్లి పెదవి చీలింది. ఈ అరవ ఊళ్ళలో వాళ్ళదీ మన తెలుగే. ఆ మనిషి తాగి కూడా లేడు. పనిలేక పిచ్చెత్తినవాడు.

"నా బిడ్డను నేను కొట్టుకుంటా. నువ్వెవురే ముసిలీ?" అని పార కామ ఎత్తాడు.

నా గొడుగుతో వాడి నుదుటి మీద కొట్టాను. ఎండకు రంగు పోతుందని విప్పకుండా దాచుకున్న గొడుగు. కమ్మీ విరిగింది. నెత్తురు కళ్ళలోకి దిగినా వాడు నన్ను గోడకు విసిరికొట్టాడు. ఇరుగుపొరుగు దూకి, వాడి చేతులు వెనక్కి విరిచి, నేల మీద బోర్లా పడేసి తొక్కారు. పిల్ల చెవులు మూసుకుంది. ఒక చెయ్యి పైకి లేవక, ఒక్క చెవే మూసుకోగలిగింది.

ఇరుగుపొరుగు పిలిస్తే పోలీసులు వచ్చి వాణ్ని తీసుకుపోయి సాయంత్రానికి వదిలేశారు. తల్లి పిల్లకు కట్టు కట్టించుకుని, మా వీధి వెనకాల ఉన్న అన్నగారింటికి వచ్చేసింది.

తర్వాత పంతుళ్ళకు పై అధికారులు ఫోనులోనే మీటింగు పెట్టారు. ఈ ఆన్‌లైన్ చదువు పనికొస్తుందా అని ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. హాజరు బాగుంది, పిల్లలు ఇంట్లో క్షేమంగా ఉన్నారు అన్నాడొకాయన. సిగ్నల్ లేదన్నాడు ఇంకొకాయన. కోడలి వంతు వచ్చింది.

"బడిలో అయితే వాళ్ళ నాయన చెయ్యి అందదు సార్. ఇక్కడ నేను తిట్లతో కొడతా ఉన్నా, ఆయన కట్టెతో కొడతా ఉన్నాడు. నడుమ బిడ్డ."

"అది ఇంటి సమస్యమ్మా. నేర్చుకుంటున్నారా లేదా, అది చెప్పండి."

"నేర్చుకున్నారు సార్. దెబ్బలు పడతా ఉన్నా ఎక్కం ఆపలేదు. అంత బాగా నేర్పినా. రాసుకోండి."



ఆ పిల్ల ఇప్పుడు మా గడప దగ్గరే, కోడలి పక్కన కూర్చుని పాఠం వింటుంది. మొదటి రోజు వంతు వచ్చినప్పుడు ఏడైదుల దగ్గర ఆగిపోయింది. కోడలు కసరలేదు. నేను రుబ్బడం ఆపి చూశాను. పిల్ల చూపు వీధి వాకిలి మీదే ఉంది.

లేచి వెళ్ళి, తలుపు మూసి గడియ పెట్టాను. వచ్చి ఆ పిల్లకూ వాకిలికీ నడుమ కూర్చున్నాను.

"ఊఁ, చెప్పు" అన్నాను.