జరీ కండెల డబ్బాలో మాత్రలు

మా ఇంట్లో జబ్బును ముదరబెట్టింది నేను సగం చదివిన ఒక వ్యాసం. చదివే అలవాటున్నవాళ్లే చేయగల తప్పు ఇది. అందుకే రాసిపెడుతున్నాను.

మాది ధర్మవరం. మా ఆయన నాగరాజు పట్టుచీరలు నేస్తాడు. పక్కన కూర్చుని నేను అంచు దారం నడిపే నాడె అందిస్తాను. ఒకరోజు చీర మధ్యలో ఆయన మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీసుకోలేకపోయాడు. అప్పటికే నెలగా విడవని జ్వరం. ఆసుపత్రిలో ఆయనకు హెచ్‌ఐవీ పాజిటివ్ అన్నారు. నాకు నెగెటివ్. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసినా నెగెటివే. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు.

ఆయనకు మందులు మొదలుపెట్టారు. నాకెందుకు అంటలేదో తెలుసుకోవాలని గ్రంథాలయానికి వెళ్లాను. చదువు ఎనిమిదో తరగతే అయినా అక్కడ నేను తెరవని పుస్తకాలు తక్కువ. ఒక సైన్సు పత్రికలో దొరికింది: వైరస్ తగిలినా జబ్బు అంటని మనుషులుంటారు, వాళ్లలో కొందరి రక్తంలో రోగంతో పోరాడే టీ కణాలు ఆ వైరస్‌ను గుర్తుపడతాయి. మూసే వేళయిందంటే చివరి పేజీ చదవకుండానే లేచాను. ఇంటికొచ్చి గర్వంగా ఆయనకు చెప్పాను.

"అట్లయితే పండితురాలా, నాదీ అదేనేమో. తగిలిన గుర్తు పట్టుకొని జబ్బని రాసినారు. నీకు లేంది నాకు యాడిది?" అన్నాడు.

నేను నవ్వాను. కాదని చెప్పలేదు.

నాలుగు నెలలకు దగ్గు మొదలైంది. జరీ చుట్టిన కండె కోసం డబ్బా తెరిస్తే అడుగున ఆయన హెచ్‌ఐవీ మందులు, ఏఆర్‌టీ మాత్రలు. రోజూ నా ఎదుటే నోట్లో వేసుకుని, నేను అటు తిరగ్గానే తీసి దాచినవి.

టీబీ అన్నారు. రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాలు బాగా పడిపోయాయన్నారు.

"నువ్వు సగం చదివినావు, ఆయప్ప సగం మింగినాడు," అంది డాక్టరమ్మ. "టీ కణాల సంగతి ఇంకా పరిశోధనలోనే ఉండాది తల్లీ. అవే కాపాడతాయని తేల్లేదు. నీకుండాయో లేవో చూసే టెస్టు ఈడ లేదు. ఆయప్పకు మాత్రం మూడు రకాలుగా చూసినాం. మూడూ పాజిటివే."

వార్డులో ఆయనకు మింగిన మందు కడుపులో నిలిచేది కాదు. "నా కొడుకు ఎండిపోతాంటే నువ్వు దుక్కలా ఉండావే," అంది మా అత్త. నాకూ అంటి ఉంటే బాగుండునని ఆ రోజు నిజంగానే కోరుకున్నాను.

మాత్రలు మానకుండా వేసుకున్నాక ఇప్పుడు ఆయన వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, టెస్టుకు అందనంత తగ్గింది. ఊపిరితిత్తి మాత్రం మునుపటిలా కాదన్నారు. జానెడు నేస్తే ఆయాసం. నాకు ఇప్పటికీ నెగెటివే. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ ఊహించడం మానేశాను.

ఒక్క మాట చెప్తాను. ఇంట్లో ఒకరి రిపోర్టు చూసి ఇంకొకరు మందు మానకండి.

డాక్టర్ సుమిత్రమ్మకు, కౌన్సెలర్ రసూల్ అన్నకు, ఇంకా తేలలేదని రాసున్న ఆ చివరి పేజీ వెతికిచ్చిన గ్రంథాలయం ఓబులేసు అన్నకు, తిడుతూనే రోజూ గంజి మోసిన మా అత్త లక్ష్మమ్మకు నా దండాలు. ఆ డబ్బాను తానే ఖాళీ చేసి నా చేతికిచ్చిన నాగరాజుకు కూడా.