పిన్ని కొరికిన వడ్లగింజ

మా పక్కచేను పిన్నికి ధాన్యం రాశి కనబడితే చాలు, ఒక గింజ తీసి పంటి కింద టక్కున కొరకడం అలవాటు. గింజ ఎంత ఆరిందో ఆ చప్పుడే చెబుతుందనేది.

చమురు పైపు పగిలి మా చేలు తెట్టు కట్టిన ఏడు కొరకడానికి గింజే లేదు. ఊరంతా కలిసి పైమట్టి గీకి పారేశాం. కాలువ నీళ్లు పెట్టి కడిగాం, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ పెంచి దున్నేశాం. మూడో ఏడు పండిన ధాన్యం శుభ్రంగా ఉందని ల్యాబువాళ్లు కాగితమిచ్చారు. అయినా మిల్లు తరఫున వచ్చిన బ్రోకరు గింజల్ని అరచేతిలో పోసుకుని చూసి, మళ్లీ రాశిలోనే వదిలేసేవాడు. కొరికేవాడు కాదు.

పిన్ని వాదించలేదు. రోజూ ఆయన ఎదురుగా నిలబడి ఒక గింజ కొరికి, నమిలి మింగేది.

నాకు చిరాకేసింది. "ఆ కాగితం చూపిస్తే పోయేదానికి ఎందుకు పిన్నీ ఇదంతా?"

"కాగితం వండుకు తింటారేంట్రా?" అంది.

నాలుగో రోజు ఆయన ఫోన్లో లారీ సంగతి మాట్లాడుతూ, అలవాటు కొద్దీ ఒక గింజ నోట్లో వేసుకుని కొరికేశాడు. ఆ తర్వాతే ఉలిక్కిపడ్డాడు. ఉమ్మేస్తాడనుకుని మేమంతా బిగుసుకుపోయాం. ఆయన పిన్ని వంక చూసి, నెమ్మదిగా నమిలి మింగాడు. మొహం చిట్లించాడు.

"తేమ ఉందండి. ఇంకో ఎండ తగలాలి."

ఆ సంగతి పిన్నికి తెలియదా! అయినా చీరకుచ్చిళ్లు ఎగదోపి, రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోస్తున్న వాళ్లందరికీ వినబడేలా కేకేసింది.

"విన్నారా! మన ధాన్యంలో తేమ తప్ప ఇంకేం లేదంట!"