నాయనమ్మ జవాబులు

నా చిన్నప్పుడు నాకు నోరెక్కువ. ఇప్పుడూ తక్కువేం కాదు, ఊపిరి అందక కాగితం మీద పెడుతున్నాను, అంతే. మాట్లాడితే వచ్చే ఆయాసం రాస్తే రాదు. ఈ ఒక్క సుఖాన్ని నాకు ఏ డాక్టరూ రాసివ్వలేదు, నేనే కనిపెట్టుకున్నాను.

మా నాన్న ఢిల్లీలో సర్కారు ఆఫీసు గుమాస్తా. కరోల్ బాగ్‌లో మేడమీద ఒకటిన్నర గదిలో ఉండేవాళ్ళం. మా నాయనమ్మ గోదావరి వైపు పల్లెలో నలభై ఏళ్ళు కట్టెపొయ్యి ఊది, ఆ పొగంతా ఊపిరితిత్తుల్లో మూటగట్టుకుని మా దగ్గరికి వచ్చింది. చలికాలం వచ్చిందంటే ఆమెకు గండమే. వైద్యమంటే ఏముందప్పుడు? రెండు పూటలా మాత్రలు, మరీ ఎక్కువైతే వీధి చివరి డాక్టరు సూది, ఇంట్లో కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె. పైగా చలి తగలకూడదని తలుపులన్నీ బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళం. పొగతో పోయిన ఊపిరికి మళ్ళీ పొగే పెట్టామని ఇప్పుడు తెలుస్తోంది. తెలిసి ఏం లాభం!

ఒకరోజు పొద్దున నాన్న ఆఫీసుకీ, అమ్మ రేషన్ షాపుకీ వెళ్ళాక నాయనమ్మకు ఆయాసం ఎత్తుకుంది. నాకు తొమ్మిదేళ్ళు. మంచం పట్టె పట్టుకుని ఆమె గాలి కోసం కొట్టుకుంటోంది, పెదాలు నల్లబడుతున్నాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడింది నోరొక్కటే. నీళ్ళు కావాలా, పాలు వెచ్చబెట్టనా, నూనె రాయనా, నొప్పెక్కడ, తగ్గిందా, ఇంకా తగ్గలేదా? ఒక్క ప్రశ్ననూ ఆమె వదల్లేదు. "లే...దమ్మా", "వద్...దే తల్లీ", "త...గ్గిపోద్ది". ఒక్కో జవాబుకీ ఒక్కో ఊపిరి పోతోంది. నాకది తెలియదు. జవాబు వస్తోంది కాబట్టి బతికే ఉందనుకుని ఇంకొకటి అడుగుతున్నాను.

నా గోల విని పక్కింటి దీదీ పరుగెత్తుకొచ్చింది. పంజాబీ అమ్మాయి, నర్సు చదువు చదువుతుండేది. వస్తూనే కుంపటి బయటపెట్టి కిటికీ తెరిచింది. నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద దిండు వేసి, దాని మీదకు వాల్చింది. ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి మెల్లగా వదలమని తాను చేసి చూపించింది. నేను మళ్ళీ ఏదో అడగబోతే, "బస్ గుడియా! కుఛ్ మత్ పూఛో" అని గదిమింది. ఏమీ అడగకు, జవాబు చెప్పడానికి కూడా గాలి కావాలి, నువ్వే ఏవో కబుర్లు చెబుతూ ఉండు, ఆమె వింటుంది అని హిందీలోనే నచ్చజెప్పింది.

చెప్పాను. మా క్లాసు పిల్ల జామెట్రీ బాక్సులో బల్లి దూరిన సంగతి, లెక్కల టీచరు బెంచీ ఎక్కిన సంగతి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని చెబుతూనే ఉన్నాను. లోపల ఒకటే ఏడుపు. నా కబుర్లు ఆమెకు గుక్కెడు గాలి కూడా తెచ్చిపెట్టవని తెలుస్తూనే ఉంది. అమ్మ వచ్చేసరికి ఆయాసం కాస్త నెమ్మదించింది. ఆ చలికాలం గడిచింది. మరుసటిది గడవలేదు.

ఇప్పుడు ఆ జబ్బు నాకు. బీడీ ముక్క ముట్టినదాన్ని కాదు, ఎందుకొచ్చిందయ్యా అంటే డాక్టరు కిటికీలోంచి పొగ కమ్మిన మా నోయిడా ఆకాశాన్ని చూపించాడు. నాయనమ్మకు లేనివన్నీ నాకున్నాయి. పీల్చే పంపు, నెబ్యులైజరు, ఏటా ఫ్లూ టీకా, ఊపిరి వ్యాయామాలు, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. పంపు అలవాటైతే వదలదని ఎవరో అంటే నమ్మి, రెండేళ్ళు దాన్ని బీరువాలో దాచిన బుద్ధిమంతురాలినీ నేనే. ఇవన్నీ జబ్బును నెమ్మదింపజేస్తాయట గానీ పోయిన ఊపిరితిత్తిని తిరిగి తేలేవట. మార్పిడికి నా వయసు దాటిపోయిందట. అదీ సంగతి.

దీదీ చెప్పిన మాట ఇంట్లో అందరికీ నేర్పాను. నాకు ఆయాసం వస్తే అబ్బాయీ కోడలూ ఏమీ అడగరు, పక్కన కూర్చుని వాళ్ళే ఏదో ఒకటి చెబుతారు. ఆరేళ్ళ మనవరాలికి ఇంకా చెప్పలేదు. మొన్న నేను దిండు మీద వాలి ఉంటే, మోకాళ్ళ దగ్గరికొచ్చి, "దాదీ, ఠీక్ హో?" అంది, బాగానే ఉన్నావా అని. కోడలు దాన్ని లాగబోతే వద్దన్నట్టు చూశాను. ఆ మొహంలో భయం చూశాక గానీ నాయనమ్మ నాకు అన్నిటికీ ఎందుకు జవాబు చెప్పిందో తెలియలేదు. మాట్లాడితే ఊపిరి పోతుందని ఆమెకు తెలియక కాదు. జవాబు రాకపోతే నేనేమైపోతానో తెలిసే చెప్పింది. దీదీ నేర్పిన పాఠం కంటే అదే ఇప్పుడు నా గుండెలో బరువుగా ఉంది.

"ఠీక్... హూఁ... తల్లీ" అన్నాను.

అది మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.