ఎందుకంటే తర్వాతి మాట

సుధీంద్రగారికి పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. కుడి చెయ్యి పోయింది, మాట విరిగింది. పేర్లు పలుకుతారు. కాఫీ, కిటికీ, కస్తూరి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే మాటలే రావు.

"పేర్లు ముందొస్తాయమ్మా. కలిపే చిన్న మాటలు ఆలస్యంగా వస్తాయి. కొందరికి రావు కూడా," అంది ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ. ఆయన భార్య కస్తూరి డాక్టరమ్మ ముందు తలూపింది గాని, మెట్లు దిగుతూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. ఆయన బతుకంతా ఆ చిన్న మాటలతోనే గడిచింది మరి.

ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసి, అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. తర్వాత దేశ రాజధానిలోనే, మయూర్ విహార్ ఫ్లాటులో, ముందుగదిలో, ప్రతి ఆదివారం సివిల్స్ రాసే తెలుగు పిల్లల ఇంగ్లీషు దిద్దేవారు. 'ఆల్దో' తర్వాత నిండు వాక్యం రావాలి, 'డిస్పైట్'కి పేరు చాలు. 'అన్‌లెస్' షరతు చెబుతుంది, 'అన్‌టిల్' గడువు చెబుతుంది. ఎవరైనా 'ఆల్దో'తో మొదలుపెట్టి మధ్యలో 'బట్' రాస్తే, "ఒక్క వానకి రెండు గొడుగులెందుకు నాయనా?" అనేవారు. వంటింట్లో టీ వడగడుతూ కస్తూరి కూడా నవ్వేది, సగమే అర్థమైనా.

"రెండు విషయాలు పక్కపక్కన పెడితే సరిపోదు," అనేవారు. "ఒకదానికి ఇంకోటి ఏమవుతుందో చెప్పాలి. తప్పు చుట్టరికం కలిపితే అది అబద్ధమే."

ఆయన జబ్బు పడ్డ ఆదివారం పొద్దున, కుర్చీలు వేస్తూ కస్తూరి ఇరవై రెండేళ్ళుగా అడగని మాట అడిగింది. అప్పట్లో ఒక తెలుగు బడి లైబ్రరీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇంగ్లీషులో ఉంటుందన్నారు. ఆయన వద్దన్నారు. ఆమె వెళ్ళలేదు.

"ఎవరెవరి పిల్లలకో నేర్పుతున్నారు. ఆ రోజు నన్నెందుకు వద్దన్నారండీ?"

ఆయన కాగితాలు సర్దడం ఆపారు. "ఎందుకంటే..." అన్నారు. తలుపు గంట మోగింది. "పిల్లలొచ్చారు. తర్వాత చెప్తాను."

క్లాసు మధ్యలో ఆయన చేతిలోంచి మార్కర్ జారిపోయింది.

ఇప్పుడు ఆయన తయారుచేసిన ఆ కాగితాలే మందు. రోజూ టిఫిను తర్వాత ఖాళీలు పూరించాలి. కస్తూరి చదువు పదో తరగతి. అందుకని వారానికోసారి తేజశ్రీ వచ్చి ఆమెకు ముందుగా నేర్పి వెళ్తుంది. రెండుసార్లు ప్రిలిమ్స్ తప్పిన కరీంనగర్ పిల్ల. ఆదివారం క్లాసులో మిగతావాళ్ళు వేరే చోట్ల చేరిపోయినా ఈమె రావడం మానలేదు.

"ఆంటీ, 'ఆల్దో' అన్నంక మళ్ల 'బట్' అంటున్నరు. రెండు గొడుగులు."

"నీకు నవ్వులాటగానే ఉంటుందే. అరవై ఒకటో ఏట చదువుతున్నా."

"సార్‌కి నయమయ్యేలోపు మీరే సివిల్స్ రాసేటట్టున్నరు."

"ఏజ్ లిమిట్ దాటిందని చెప్పు మీ వాళ్ళకి."

సుధీంద్రగారి నోరు ఎడమ పక్కకి కొంచెం సాగింది. నవ్వే అది.

తేజశ్రీకి నేర్చుకుంటున్నానని చెప్పింది గాని, కస్తూరి అసలు కాచుకున్నది ఒక్క మాట కోసం. ఆ 'ఎందుకంటే' తర్వాతిది. జవాబు తన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అది ఆయన నోట వినాలని, అంతే.

నవంబరు మొదటి వారంలో ఒక పొద్దున, బయట పొగమంచుకి ఎదురు బ్లాకు కనబడటం లేదు. కాగితంలో వాక్యం: తడిశాను, ఖాళీ, గొడుగు మరిచాను. ఆమె కింద ఉన్న నాలుగు మాటలూ చదివింది. 'బికాజ్' దగ్గర ఆయన ఎడమ చెయ్యి లేచింది. ఆ మాటకేసి చాలాసేపు చూశారు.

"ఇంటర్వ్యూ," అన్నారు.

ఆమె కాగితం దించింది.

"కస్తూరి. ఇంటర్వ్యూ. తప్పులు." ఊపిరి కూడదీసుకుని ఇంకోటి తీశారు. "నవ్వు."

ఆమె తన జవాబుని తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నా ఇంగ్లీషుకి వాళ్ళు నవ్వుతారని. నేను బాధపడతానని. అందుకేగా?"

తలూపితే చాలు. ఆయన అడ్డంగా ఊపారు.

"మరి... మిమ్మల్ని చూసి నవ్వుతారనా? ఆయన భార్య ఇలా మాట్లాడుతుందా అని?"

ఆయన తల కిందికి వంగింది. ఒక్కసారే, తేటగా.

మొదటిదానికే తలూపి ఉంటే ఆమె నమ్మేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పెదవులు ఇంకో మాట కోసం పెనుగులాడుతున్నాయి. "కస్తూరి," అన్నారు. తర్వాతిది రాలేదు.

ఆమె తుండుతో ఆయన గడ్డం తుడిచింది. వంటింట్లోకి వెళ్ళి, వదిలేసిన కుళాయి కట్టి వచ్చింది. మామూలుగా పెన్సిలు ఆయన ఎడమ చేతిలో పెట్టి, ఆ చేతిని తాను పట్టుకుని రాయిస్తుంది.

ఆ రోజు పెన్సిలు ఇవ్వలేదు. ఆ ఖాళీలో 'బికాజ్' అని ఒక్కొక్క అక్షరమే తాను రాసుకుంది. ఆయన చూస్తూ కూర్చున్నారు.