పన్ను కట్టి తెచ్చుకున్న మిషను

మెట్టుగూడ సందుల్లో రాజులమ్మ కుట్టిన జాకెట్టు తొడగని ఆడవాళ్ళు తక్కువ. యలమంచిలి దగ్గర పల్లె ఆమెది. సికింద్రాబాద్ స్టేషన్లో సరుకులు మోసే పనికి వచ్చిన మొగుడి వెంట వచ్చింది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆయన పోయాడు. చంకలో పిల్లాడు, చేతిలో కత్తెర, అద్దెకు తెచ్చుకున్న కుట్టుమిషను. వాటితోనే కొడుకు లోవరాజును డిగ్రీ దాకా చదివించింది.

మనిషి మెత్తన. ఒక్క విషయంలో మాత్రం మొండి. చిన్నప్పుడు ఊళ్ళో ఒక పెద్దింట్లో అంట్లు తోమేది. ఆ ఇంటి పిల్ల విడిచిన పరికిణీ ఇస్తే కట్టుకుని తీర్థానికి వెళ్ళింది. పదిమందిలో ఆ పిల్ల వేలు చూపించి, "అది నాదే, మా అమ్మ దానికిచ్చింది" అంది. అంతే. అప్పటి నుంచీ రాజులమ్మ ఒకరిచ్చిన గుడ్డ ముట్టుకోలేదు. రైల్వే స్కూల్లో టీచరు మేబెలమ్మ తన కొడుకు చదివేసిన పుస్తకాలు ప్రేమగా తెచ్చిస్తే, కాఫీ ఇచ్చి, పుస్తకాలు మాత్రం వెనక్కి పంపేసింది. వారం రోజులు కూర లేకుండా తిన్నారు గానీ లోవరాజు కొత్త పుస్తకాలతోనే బడికెళ్ళాడు. దాంతో వాడి బుర్రలో ఒకటి గట్టిగా నాటుకుంది: అమ్మకు పాత వస్తువంటే పడదు.

ఆ లోవరాజు ఇప్పుడు అమెరికా డాక్టర్ల గొణుగుడు చెవుల్లో పెట్టుకుని విని టైపు చేసే కంపెనీలో ఉద్యోగి. నగరమంతా కంప్యూటర్ అంటూ ఊగిపోతున్న రోజులు. ఆఫీసుకు కారొచ్చి ఎక్కించుకుపోయేది. జీతం మాత్రం ఇరుగుపొరుగు అనుకున్నంత లేదు.

రాజులమ్మకు పక్షవాతం వచ్చి తగ్గింది. చేతులు నిలిచాయి గానీ కుడికాలు మిషను తొక్కడానికి పనికిరాకుండా పోయింది. అద్దె మిషను వెనక్కిచ్చేశారు. ఆ తరవాత ఆమె చేసిందల్లా గోడకు చేరగిలబడి, వచ్చేపోయేవాళ్ళ జాకెట్ల కుట్టు వంకలు చూసి నిట్టూర్చడం. తల్లి అలా కూర్చుంటే లోవరాజుకు అన్నం సయించేది కాదు.

తొక్కే పని లేకుండా మీట నొక్కితే నడిచే మిషన్లు ఉన్నాయి. కొత్తది కొనే తాహతు లేదు. ఆఫీసులో దుర్గేష్ అనే స్నేహితుడు ఇంటర్నెట్‌లో వెతికి, సింగపూర్లో ఒకావిడ తను వాడిన మిషను అమ్ముతోందని చూపించాడు. క్రెడిట్ కార్డూ వాడిదే, డబ్బు మాత్రం లోవరాజు తన జీతంలోంచి తీసి వాడి చేతిలో పెట్టాడు. లోవరాజు ఆవిడకు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. మా అమ్మ కోసం, బాగా తుడిచి కొత్తదానిలా చేసి పంపండి, కొత్త పెట్టెలో పెట్టండి అని. ఇంట్లో మాత్రం, "కొత్త మిషను వస్తోందమ్మా" అన్నాడు. బతుకంతా అద్దె మిషను మీద కుట్టిన మనిషి గదా అని పార్సిలు కూడా ఆమె పేరునే రప్పించాడు. ఆ ముచ్చటే కొంప ముంచింది. పెట్టె వచ్చింది, పన్ను సంగతి తేలాలి, పేరున్న మనిషే వచ్చి సంతకం పెట్టాలి అని కస్టమ్స్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

పన్నుకని డబ్బు జేబులో పెట్టుకుని, తల్లిని ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు. అమ్మ ఎదుట పాతదన్న మాట రాకూడదని దారంతా మొక్కుకుంటూనే ఉన్నాడు.

కౌంటర్లో ఆఫీసరు పెట్టె మీది చీటీ చదివి నవ్వాడు. "పాత మిషినమ్మా. గిఫ్ట్ అని రాసి పంపిన్రు. టాక్స్ ఏం పడది. జెర సంతకం పెట్టి తీస్కపో."

వీళ్ళకు పన్ను తప్పిద్దామని సింగపూర్ ఆవిడ మంచి మనసుతో అలా రాసింది. రాజులమ్మ కలం కింద పెట్టేసింది.

"ఊరికే ఇచ్చారేటి? నాకొద్దు బాబూ. ఎనక్కి పంపీండి."

లోవరాజు గబగబా లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే పన్ను మిగులుతుంది, మిషను పోతుంది. మిషను పోతే అమ్మ మళ్ళీ ఆ గోడ దగ్గరికే.

"గిఫ్ట్ కాదు సార్. డబ్బిచ్చి కొన్నాను. ఆవిడ తెలీక రాసింది. అసలు ధర కాగితం నా దగ్గరుంది, పన్ను వేయండి." తల్లి వైపు తిరిగాడు. "పాతదేనమ్మా. కొత్తదని అబద్ధం చెప్పాను."

"లేని టాక్స్ కడతనంటవేంది?" అన్నాడు ఆఫీసరు.

రాజులమ్మకు అదేమీ పట్టలేదు. "కొన్నావా? నిజంగా నీ డబ్బులే?"

"నా డబ్బులేనమ్మా."

"మరి సెప్పడానికేటిరా రోగం? పాతదైతే నాకేటి సిన్నతనం? ఊరికే ఇచ్చిందయితే వద్దుగానీ."

ఇరవై ఏళ్ళుగా తల్లిని తప్పుగా చదువుకున్నానని లోవరాజుకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆమె దూరం పెట్టింది పాతదనాన్ని కాదు, ఒకరి దయను.

ఆఫీసరు ధర కాగితం చూసి, లెక్కకట్టి, పన్ను ఇంత అన్నాడు. లోవరాజు జేబులో చెయ్యి పెట్టాడు. రాజులమ్మ ఆ చెయ్యి పట్టుకు ఆపింది.

"ఉండ్రా. ఏటి బాబూ, వాడేసిన మిషనుకి అంత పన్నా? మరీ అన్నాయం. ఓ వంద తగ్గించుకో."

వెనక వరసలో వాళ్ళు నవ్వారు. "అమ్మా, ఇది మోండా మార్కెట్ కాదమ్మా. సర్కారు టాక్స్. బేరం నడవది," అన్నాడు ఆఫీసరు.

"యాబై అయినా తగ్గించు నాయనా. కొనుక్కునేవోళ్ళం అడక్కపోతే ఎవులడుగుతారు?"

ఆయన రూపాయి కూడా తగ్గించలేదు. లోవరాజు మొత్తం కట్టాడు, ఆమె సంతకం పెట్టింది. ఆటోలో పెట్టెను ఒడికి ఆనించుకుని, మెట్టుగూడ చేరేదాకా ఆ ఆఫీసరు పీనాసితనాన్ని తిడుతూనే ఉంది. అమ్మ అంత సంతోషంగా ఉండగా లోవరాజు ఎన్నడూ చూడలేదు.